చిదోరి పేరుతో వచ్చిన హైకూ

పోయిన వారం నత్సుయోను మనం యవతహమ రేవులో, చేపల మార్కెట్‌ను ఆనుకుని ఉన్న వడల దుకాణంలో, సోమవారం పేపరు కోసం ఎదురుచూస్తుండగా వదిలిపెట్టాం. ఆ పేపరులో ఆమె వెతకబోయేది తన పేరు కాదు. తన పద్యాన్ని ఎత్తుకుపోయిన మనిషి జాడ.

నత్సుయోకు యాభై మూడేళ్లు. పగలంతా చేపల వడలు వేయించడం, ఇంటికొచ్చాక హైకూలు రాసుకోవడం, పన్నెండేళ్లుగా ఆమె బతుకు ఇంతే. ఈ శరత్కాలంలో ఆమె ఒక పెద్ద హైకూ పోటీకి ఈ మూడు పాదాలు పంపింది.

అమ్మ కళ్లద్దాలు
పెట్టుకుంటే దగ్గరికొచ్చింది
శరత్కాలపు సముద్రం

మొదటి బహుమతి వచ్చింది. భర్త తెరువో కమలాపండ్ల లారీ అద్దానికి ఆ వార్త ముక్క అంటించుకుని తిరిగాడు. పది రోజులు గడవకముందే పోటీ నిర్వాహకుల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇవే మూడు పాదాలు సెప్టెంబరులోనే ఒక దినపత్రిక సోమవారం పేజీలో 'చిదోరి, యవతహమ' అన్న పేరుతో అచ్చయ్యాయట. ఎక్కడా అచ్చుకాని పద్యాలే పంపాలన్నది నిబంధన. డిసెంబరు ఇరవైలోగా సంజాయిషీ ఇవ్వకపోతే బహుమతి రద్దు చేసి, ఆ సంగతి అందరికీ తెలిసేలా ప్రకటిస్తారు. చిదోరి అంటే అలల అంచున పరుగులు తీసే చిన్న పిట్ట. ఆ పేరు వెనక ఎవరున్నారో చెప్పడం కుదరదని పత్రికవాళ్లు మర్యాదగానే చెప్పి ఫోను పెట్టేశారు.

పోటీకి పంపకముందు ఆ పద్యం చూసినవాళ్లు ఇద్దరే. ఒకరు మందుల షాపు మసుమి, హైకూ గోష్ఠుల్లో పక్కనే కూర్చునే స్నేహితురాలు. రెండోవారు వాళ్లందరికీ హైకూ నేర్పిన కురాహషి మాస్టారు. మాస్టారిని అనుమానించడం నత్సుయోకు చేతకాలేదు. అందుకని మసుమిని అనుమానించింది. రుజువు దొరకాలని కొత్త పద్యం ఒకటి అల్లి, చివరి పాదం మాత్రం ఇద్దరికీ వేరువేరుగా చెప్పింది. ఏ పాదం అచ్చయితే ఆ మనిషే చిదోరి.

ఇక ఈ సోమవారం సంగతి.

పేపరు వచ్చేసరికి ఎనిమిది దాటింది. నత్సుయో చేతులు తుడుచుకోకుండానే పేజీ తిప్పింది. మూడో వరసలో ఉంది.

ఆరేసిన వల
కన్నాల్లోంచి జారిపోతోంది
తొలి మంచు

కింద చిదోరి, యవతహమ. పక్కనే ఎంపిక చేసినాయన రెండు వాక్యాల్లో మెచ్చుకున్నాడు కూడా. నత్సుయో చివరి పాదాన్ని మూడుసార్లు చదివింది. మసుమికి వినిపించినప్పుడు అక్కడ 'శీతకాలపు ఎండ' అని ఉంది. 'తొలి మంచు' అని రాసింది ఒకే ఒక్క చోట, మాస్టారికి పంపిన పోస్టుకార్డు మీద. లోపల్నుంచి యజమాని వడలు మాడుతున్నాయని కేకేశాడు. ఆమె మూకుడు దించింది గానీ, ఎలా దించిందో తర్వాత గుర్తులేదు.

పది గంటలకు మసుమి తెల్లకోటుతోనే వచ్చింది. ఆరు వడలు కట్టమంది. పొట్లం చేతికిచ్చాక కూడా కదలలేదు.

"నాకు చదివి వినిపించినప్పుడు చివర్లో ఎండ కాసింది. పేపర్లో మంచు కురిసింది," అంది. "నెల రోజుల్నించి నావైపు అలా ఎందుకు చూస్తున్నావో ఇవాళ అర్థమైంది."

నత్సుయో తలెత్తలేకపోయింది. తప్పైపోయిందని గొణిగింది.

"ఆ మాట తీరిగ్గా చెబుదువుగానిలే. మందుల షాపులో విషం కూడా ఉంటుంది, ఈ నెల్లో నీకో పొట్లం కట్టివ్వాలని నాలుగుసార్లు అనిపించింది. ఇంతకీ మంచు ఎవరికిచ్చావ్?"

నత్సుయో కొండమీది మాస్టారి ఇంటివైపు చూసింది. మసుమి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. పోయిన నెల గోష్ఠిలో మాస్టారు ఒకే పద్యాన్ని రెండుసార్లు చదివారనీ, రెండోసారి చదువుతుంటే భార్య ఫుమియె మెల్లగా ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఆపిందనీ గుర్తుచేసింది. అందరూ చూశారు. ఎవరూ నోరెత్తలేదు. నత్సుయో కూడా చూసింది. వయసు మీదపడింది కదా, ఎనభై నాలుగేళ్లు, అనుకుని ఊరుకుంది.

"ఆయన్ని అడక్కు," అంది మసుమి వెళ్తూ. "ఆవిణ్ని అడుగు. ఆ ఇంట్లోంచి బయటికెళ్లే ప్రతి కార్డూ ఆవిడే పోస్టు డబ్బాలో వేస్తుంది."

మధ్యాహ్నం రెండింటికి నత్సుయో ఏప్రాన్ విప్పి, పేపరు మడిచి సంచిలో పెట్టుకుని కొండదారి పట్టింది. మాస్టారి ఇల్లు కమలా తోటల అంచున ఉంటుంది. కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. వాలు మీద వేసిన ఒకే ఒక్క రైలు పట్టా మీద పండ్ల బండి కీచుమంటూ కిందికి దిగుతోంది. రోజూ చూసేదే అయినా ఆ రోజు ప్రతిదీ ఆమెకు వేరే అర్థంతో కనిపించింది. ఏడాదిగా మాస్టారు ఆమె పోస్టుకార్డులు ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపుతూనే ఉన్నారు. కానీ అక్షరాలు ముందుకన్నా సన్నగా, పొందిగ్గా ఉంటున్నాయి. అడిగితే మాస్టారు కలం మార్చారని ఫుమియె చెప్పింది. ఫోను చేస్తే ఎప్పుడూ ఆవిడే తీస్తుంది. ఇంటికి వస్తానంటే మాస్టారు పడుకున్నారంటుంది. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. అన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే మాత్రం ఆ ఇంట్లో ఏదో దాస్తున్నారని నత్సుయోకు అనిపించింది.

తలుపు తీసిన ఫుమియె ముందు నవ్వింది. నత్సుయో సంచిలోంచి పైకి కనిపిస్తున్న మడత పేపరు చూశాక నవ్వు ఆగింది. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి, చిన్న పిట్టంత ఉంటుంది. పన్నెండేళ్లలో ఏనాడూ అతిథిని గుమ్మంలో నిలబెట్టలేదు. ఆ రోజు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

మాస్టారు నిద్రపోతున్నారని చెప్పింది. నత్సుయో తాను మాస్టారి కోసం రాలేదంది. పక్కింటావిడ గోడ అవతల బట్టలు తీస్తూ తొంగిచూసేసరికి ఫుమియె పక్కకు జరిగి లోపలికి దారిచ్చింది.

దుప్పటి కప్పిన వెచ్చని బల్లకు చెరోవైపు కూర్చున్నారు. ఫుమియె టీ పోసింది, కమలాపండు వొలిచి ముందు పెట్టింది. నత్సుయో ఏదీ ముట్టుకోలేదు. పేపరు విప్పి, పద్యం ఉన్నవైపు ఆవిడకు తిప్పింది.

ఫుమియె చదివి, బాగుందంది. ఒకే ఊళ్లో ఇద్దరికి ఒకే ఊహ రావడం మామూలేనంది. మూడు పాదాల పద్యాల్లో అలాంటివి ఎన్నో జరుగుతాయనీ, ఇది దొంగతనమంటే ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటుందనీ చాలా మృదువుగా చెప్పింది.

"అమ్మగారూ, తొలి మంచు అని నేను ఎక్కడా చెప్పలేదు," అంది నత్సుయో. "ఒక్క కార్డు మీదే రాశాను. ఆ కార్డు ఈ ఇంటికే వచ్చింది."

ఫుమియె చేతిలోని కమలా తొక్కను చిన్న చిన్న ముక్కలు చేసింది. ఆ ముక్కల్ని బల్ల మీద వరసగా పెట్టింది. గొంతు పెంచాల్సిన పనిలేదని నత్సుయోకు తెలిసిపోయింది.

"నేనే పోస్టు చేశాను," అంది చివరికి ఫుమియె. "సెప్టెంబరులోది కూడా."

ఆ తర్వాత ఆవిడ చెప్పిందంతా తల దించుకునే చెప్పింది. మూడేళ్లుగా మాస్టారికి జ్ఞాపకం జారిపోతోంది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత రోజులు పోయాయి. పద్యాలు మాత్రం ఇంకా మిగిలాయి. పొద్దున లేచి బల్ల దగ్గర కూర్చుంటే మనిషి మళ్లీ మనిషవుతాడు. అందుకే గోష్ఠి మానిపించలేదు. కానీ శిష్యుల కార్డులు దిద్దే శక్తి ఆయనకు లేదు. ఏడాదిగా నత్సుయోకు అందుతున్న ఎర్ర సిరా ఫుమియెదే. ఆ మాట చెబుతుంటే ఆవిడ గొంతులో సిగ్గుతోపాటు మరేదో పలికింది. నత్సుయోకు అది గర్వంలా వినిపించింది.

మిగతావాళ్ల కార్డులు వస్తే ఆయన పట్టించుకోరట. నత్సుయో కార్డు వస్తే మాత్రం కళ్లు మెరుస్తాయట. చేత్తో అక్షరాలు తడుముతారట. వెంటనే కొత్త కార్డు తీసుకుని ఆ పద్యాన్ని నీటుగా తిరగరాసి, కింద చిదోరి అని పెట్టి, పత్రికకు పంపమని ఇస్తారట. పంపకపోతే ఆ పూట అన్నం ముట్టరు.

"వేలమంది పంపుతారు కదా, ఎక్కడేస్తార్లే అనుకున్నా," అంది ఫుమియె. "ఒకసారి వేశారు. నీకు బహుమతి వచ్చిందని విన్నప్పుడు నా గుండె జారిపోయింది."

"విన్నాక కూడా మీరు నోరు విప్పలేదు."

"విప్పలేదు."

"నెల రోజులుగా పోటీ నిర్వాహకులు నన్ను దొంగ అనుకుంటున్నారు. నేను మసుమిని దొంగ అనుకున్నాను. మీరు గోష్ఠికి వచ్చి నా పక్కన కూర్చుని, నాకు బిస్కెట్ల పళ్లెం అందించారు."

నత్సుయోకు కోపం వచ్చింది గానీ, కోపం కన్నా ఎక్కువగా ఏదో తేడా తెలుస్తోంది. ఆవిడ చెప్పిందంతా నమ్మదగ్గదే. భర్త పరువు కాపాడాలని ఒక ముసలావిడ పడిన పాట్లు అర్థంకానివి కావు. అయినా ఇంత చెప్పాక మనిషి తేలికపడాలి కదా. ఫుమియె భుజాలు ఇంకా బిగిసే ఉన్నాయి. ఇప్పుడు చెప్పినదంతా ఇంకా చెప్పనిదాన్ని కప్పడానికేనేమో అనిపించింది.

నత్సుయో తనకు కావలసింది అడిగింది. శుక్రవారం గడువు, ఇంకా నాలుగు రోజులుంది. జరిగింది జరిగినట్టు ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. మాస్టారి జబ్బు సంగతి నిర్వాహకులు గుట్టుగానే ఉంచుతారు. బహుమతి పోయినా తనకు బాధలేదు, దొంగ అన్న మాట పోతే చాలు.

"రాస్తాను," అంది ఫుమియె. ఆగి, "కానీ సగం నిజం రాయలేను. రాస్తే ఆ పద్యం నీది కాదని కూడా రాయాలి."

నత్సుయోకు మొదట అర్థంకాలేదు. తాను పొరపాటుగా విన్నానేమో అనుకుంది.

ఫుమియె లేచి గూటి దగ్గరికి వెళ్లింది. ఏడాదికొకటి చొప్పున మాస్టారి నోటుపుస్తకాలు అక్కడ బారుగా పేర్చి ఉన్నాయి, యాభై దాకా ఉంటాయి. వాటి వీపుల మీద అంకెలు వెలిసిపోయాయి. ఫుమియె వెతకలేదు. చెయ్యి చాపి నేరుగా ఒకదాన్ని లాగింది. పేజీ కూడా వెతకలేదు. అక్కడ పాత రైలు టికెట్టు ఒకటి గుర్తుగా పెట్టి ఉంది.

షోవా చక్రవర్తి శకం యాభై ఎనిమిది, అక్టోబరు. అంటే నలభై ఒక్క ఏళ్ల కిందట. ఆ రోజు గోష్ఠికి వచ్చిన పద్యాలన్నీ మాస్టారు తన చేతిరాతతో వరసగా ఎక్కించారు, ఒక్కోదాని కింద రాసినవాళ్ల పేరు. నాలుగోది కళ్లద్దాల పద్యం. అమ్మ కళ్లద్దాలు, దగ్గరికొచ్చిన సముద్రం, ఒక్క అక్షరం తేడాలేదు. కింద చిదోరి అని ఉంది. చిదోరి పక్కన చిన్న అక్షరాల్లో అసలు పేరు.

హిసనో. కమలాపండ్ల షెడ్డు.

నత్సుయో వాళ్లమ్మ పేరు హిసనో. ముప్ఫై ఏళ్లు కమలాపండ్ల షెడ్డులో పండ్లు ఏరింది. రెండేళ్ల కిందట పోయింది. ఆ ఇంట్లో పంచాంగం తప్ప పుస్తకమన్నది లేదు. అమ్మ ఒక్క పద్యం రాసినట్టు గానీ, చదివినట్టు గానీ నత్సుయో ఎరగదు. తాను హైకూ బృందంలో చేరతానన్నప్పుడు అమ్మ, మాస్టారెవరని మాత్రం అడిగింది. పేరు చెప్పాక చాలాసేపు పొయ్యివైపు చూస్తూ కూర్చుంది. నీ ఇష్టం అంది.

"నేను రాసుకున్నదే ఇది," అంది నత్సుయో. "అమ్మ పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మ నాడు, ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి. నాకు బాగా గుర్తుంది."

"గుర్తుంటుంది," అంది ఫుమియె. "ఈయనకూ అన్నీ బాగానే గుర్తుంటాయి."

ఆ మాట నత్సుయోకు చెంపదెబ్బలా తగిలింది. షోవా యాభై ఎనిమిదిలో తనకు పన్నెండేళ్లు. వెతగ్గా వెతగ్గా ఒక్కటే గుర్తొచ్చింది. సాయంత్రాలు షెడ్డునుంచి వచ్చాక అమ్మ అరుగు మీద కూర్చుని, మోకాలి మీద వేళ్లు ఒక్కొక్కటీ మడుస్తూ తెరుస్తూ ఏదో గొణిగేది. ఏం లెక్కపెడుతున్నావని అడిగితే పండ్ల బుట్టలని చెప్పేది. హైకూ పాదాలకు అక్షరాలు లెక్కపెడుతోందని పిల్లకెలా తెలుస్తుంది. పదే పదే ఆ గొణుగుడు చెవిన పడి, ఎక్కడో అడుగున ఉండిపోయి, నలభై ఏళ్ల తర్వాత తన మాటగా పైకి వచ్చిందా. నెల రోజులుగా ఊళ్లో దొంగ కోసం వెతుకుతోంది. ఇప్పుడు తన నోటుపుస్తకంలోని ప్రతి పద్యాన్నీ అదే కళ్లతో చూడాల్సి వచ్చింది. వీటిలో నావెన్ని?

"మీకు సెప్టెంబరులోనే తెలుసు," అంది.

"ఆగస్టులో నీ కార్డు చూసినప్పుడే తెలుసు. నీ చేతిరాత అచ్చం మీ అమ్మదే. ఈయన ఆ కార్డు పట్టుకుని, చూశావా, హిసనో మళ్లీ రాయడం మొదలెట్టింది అన్నారు."

"అమ్మ ఎందుకు మానేసింది?"

ఫుమియె నోటుపుస్తకం మూయబోయింది. నత్సుయో పేజీ మీద చెయ్యి పెట్టింది. ఆ తర్వాతి పేజీ అంచున కాగితం చింపిన ఆనవాలు ఆమెకు కనిపించింది. ఒకటి కాదు, మూడు నాలుగు పేజీలు మొదలంటా చింపేసి ఉన్నాయి. అవి ఏమయ్యాయని అడిగింది. ఫుమియె ఎలుకలు కొట్టాయంది. ఎలుకలు అంత తిన్నగా కొట్టవు.

అప్పుడే లోపలి గది తలుపు పక్కకు జరిగింది.

మాస్టారు దూది అంగీ వేసుకుని నిలబడ్డారు. చెంప మీద దిండు ముడతలు పడి ఉన్నాయి. భార్య వైపు చూడలేదు. నత్సుయోను చూసి నవ్వారు. పన్నెండేళ్లలో ఆయన ముఖంలో ఆమె ఎన్నడూ చూడని నవ్వు అది.

"హిసనో, వచ్చావా. ఇంత కొండ ఎక్కి ఎందుకొచ్చావు? కబురు పెడితే నేనే షెడ్డుకి వచ్చేవాణ్ని కదా."

"ఈమె నత్సుయో అండీ," అంది ఫుమియె తొందరగా. "హిసనో కూతురు. మీరు ఇంకాసేపు పడుకోండి."

ఆయన వినిపించుకోలేదు. మెల్లగా వచ్చి నత్సుయో ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నారు. ఊళ్లో సగంమంది తల వంచి నమస్కరించే ఆ పెద్దమనిషి, వడల దుకాణంలో పనిచేసే ఆమె ముందు నుదురు చాపకు ఆనేలా వంగారు.

"రాయి మీద నా పేరే ఉండిపోయింది," అన్నారు. "ఇంకా కోపంగానే ఉన్నావా?"

యవతహమలో పద్యం చెక్కిన రాయి అంటే ఒక్కటే. రేవు పక్క పార్కులో, బెప్పు వెళ్లే ఓడ కనిపించే చోట నిలబెట్టారు. షోవా యాభై తొమ్మిదిలో దేశం మొత్తం మీద మొదటి బహుమతి తెచ్చిన మాస్టారి పద్యం అది. బడిపిల్లలకు కంఠస్థం చేయిస్తారు. కురాహషి ఆ ఒక్క పద్యంతోనే అందరికీ మాస్టారయ్యారు. ఆ రాయి చదివే నత్సుయో కూడా ఆయన దగ్గర చేరింది.

నత్సుయో ఫుమియె వైపు చూసింది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం వెతికింది. లేదు. భయం ఉంది, అది ఇవాళ్టిది కాదు.

నేను హిసనోను కానని ఆయనకు చెప్పడం తన ధర్మమని నత్సుయోకు తెలుసు. మతి చలించిన మనిషిని అలా మోసగించడం తప్పని కూడా తెలుసు. అయినా వెన్ను నిటారుగా చేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, వాళ్లమ్మ పెద్దల ముందు కూర్చునే తీరులోనే కూర్చుంది.

"కోపం లేదు మాస్టారూ," అంది. "కానీ అది ఎలా జరిగిందో మీ నోట ఒక్కసారి వినాలని ఉంది."

మాస్టారు తలెత్తారు. ఫుమియె లేచి వీధి గదిలోకి వెళ్లింది. తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. పక్కింటి వైపు కిటికీ మూసిన చప్పుడు కూడా వినిపించింది. పట్టపగలు గదిలో సగం చీకటి పడింది. ఆవిడ తిరిగి వచ్చి, ఈసారి నత్సుయో ఎదుట కాకుండా భర్త పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"చెప్పండి," అంది ఆయనతో. "మొదట్నించీ చెప్పండి. నేను చేసింది కూడా."